వీపు మీద చెయ్యి

మా ఆయన చెయ్యి మొదటిసారి అబద్ధం చెప్పింది మా ఇంటి మెట్ల మీదే. అప్పటికి షూటింగుకి ఇంకా తొమ్మిది రోజులుంది.

ఆయన పనేమిటో ముందు చెప్పాలి. సినిమాలో నటులు ఎదురుగా నడిచి వస్తుంటే కెమెరామన్ కెమెరాని ఒంటికి కట్టుకుని వాళ్ళ ముందు వెనక్కి వెనక్కి నడుస్తాడు. అతని కళ్ళు బొమ్మ మీదే ఉండాలి. వెనక గోడ ఉందో గొయ్యి ఉందో అతనికి తెలీదు. అందుకని అతని వెనక ఇంకో మనిషి ఉంటాడు. కుడిచేత్తో అతని నడుము పట్టీ పట్టుకుని, ఎడమచెయ్యి వీపు మీద వేసి నడిపిస్తాడు. ఆ వెనక మనిషి మా ఆయన. ఇరవై రెండేళ్ళు అదే పని.

నోరు విప్పకూడదు, మాట రికార్డయిపోతుంది. అంతా చేతి భాషే. ఒక తట్టు తడితే మెట్టు. రెండు తట్లు గడప. బొటనవేలు నొక్కితే మెల్లగా. అరచెయ్యి పూర్తిగా ఆనిస్తే ఆగు.

"సినిమాల్లో ఉన్నాడంటారు, ఒక్క సినిమాలోనూ వీడి మొహం కనిపించదేమే?" అని వదిన, అంటే ఆయన అక్కగారు, ఎప్పుడొచ్చినా ఒకసారి అనేది. "నా మొహం కనిపించిందంటే సినిమా చెడిందని అర్థం అక్కా," అని ఆయన నవ్వేవారు. "దొంగల పని కూడా అంతేరా," అనేది ఆవిడ.

కెమెరామన్ ఆయనకన్నా పదిహేనేళ్ళు చిన్న. నన్ను అక్కా అనేవాడు, ఆయన్ని బావా అనేవాడు. పన్నెండేళ్ళుగా ఇద్దరూ కలిసే పనికి వెళ్ళేవారు. మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని, "బావ లేకపోతే నేను సగం మనిషినక్కా. అది కూడా ముందు సగమే," అనేవాడు. "మా ఆవిడ కూడా నన్ను ఇంత గట్టిగా పట్టుకోదు."

"గట్టిగా పట్టుకోకపోతే నువ్వు ఎవత్తి వెనకాల పోతావో అని నేను పట్టుకుంటున్నాను," అనేవారు ఆయన.

అలాంటి రోజుల్లో ఆ సినిమా వచ్చింది. గంటా యాభై నిమిషాల సినిమా అంతా ఒకే షాటు. మొదలుపెడితే చివరిదాకా కెమెరా ఆగకూడదు. అతుకు లేని గుడ్డ లాంటిదన్నమాట. ఎక్కడ పోగు తెగినా మళ్ళీ మొదటినుంచి నెయ్యాలి. మూతపడ్డ పాత లాడ్జి ఒకటి తీసుకున్నారు. కింద వంటగదిలో మొదలై, నడవాలు, గదులు తిరిగి, నాలుగంతస్తులు ఎక్కి డాబా మీద ముగుస్తుంది. డాబాకి తూర్పు వైపు పిట్టగోడ మోకాలెత్తే. సరిగ్గా ఆ గోడకి రెండడుగుల దూరంలోకి కెమెరామన్ వెనక్కి నడుస్తూ వచ్చి ఆగాలి.

"వల కట్టరా?" అని అడిగాను.

"కడితే రెండో అంతస్తు కిటికీలోంచి కనిపిస్తుంది," అన్నారు ఆయన. "వల ఎందుకే, నేనున్నాగా."

మూడు రోజులే దొరికాయట, రోజుకొక ప్రయత్నం. సాయంత్రం ఎండ డాబా మీద పడే వేళకి షాటు అక్కడికి చేరాలి. నాలుగో రోజు ఆ భవనాన్ని కూల్చేస్తారు.

ఆయన దారి మొత్తం బట్టీ పట్టారు. ఎన్ని అడుగులు, ఎన్ని గడపలు, ఏ మలుపు దగ్గర నేల పలక లేచి ఉంది, అన్నీ. ఇంటికొచ్చాక నన్ను కెమెరామన్ని చేసేవారు. ప్రెషర్ కుక్కర్లో సగం నీళ్ళు పోసి, తువ్వాలుతో నా పొట్టకి కట్టి, "కుక్కరుకి కన్నుందనుకో. ఆ కన్ను ఊగకూడదు," అనేవారు. నేను వెనక్కి నడిచేదాన్ని. మా వాటా రెండో అంతస్తు. పదిహేడు మెట్లు దిగి, మళ్ళీ పదిహేడు ఎక్కేవాళ్ళం. కింద వాటా పెద్దాయన తలుపు సందులోంచి చూసి, "ఏమ్మా, వెనక్కి నడిస్తే వయసు కూడా వెనక్కి పోతుందా? నేనూ రానా?" అని అడిగాడు.

మొదట సిగ్గేసింది. రెండు రోజులకి సిగ్గు పోయింది. ఆ చెయ్యి అలాంటిది. కళ్ళు మూసుకుని నడిచినా భయం వేసేది కాదు. పాతికేళ్ళ కాపురంలో ఆయన నాతో అన్ని మాటలు నోటితో కూడా చెప్పలేదు.

ఎక్కేటప్పుడు ఆయనకి ఆయాసం వచ్చేది. మలుపు దగ్గర నుదురు తెచ్చి నా వీపుకి ఆనించేవారు. నేను ఆగేదాన్ని. ఊపిరి కుదుటపడ్డాక తల తీసేవారు, మళ్ళీ నడిచేవాళ్ళం. "ఇది మన ఇంటి భాష. వాడికి తెలీదు," అని నవ్వారు ఒకసారి.

ఆ రోజు దిగుతున్నాం. మా మెట్లలో తొమ్మిదోది అంచు విరిగి ఉంటుంది. అక్కడ ఎప్పుడూ తట్టు కాస్త గట్టిగా పడేది. ఆ రోజు పడలేదు. నా కాలు గాల్లోకి పోయింది. కుక్కరు గోడకి కొట్టుకుని నీళ్ళన్నీ మెట్ల మీద పారాయి. కుడిచేత్తో ఆయన నన్ను పట్టి ఆపకపోతే నా పళ్ళు రాలేవి.

"చూసుకోవద్దా?" అన్నారు కోపంగా.

"మీరు తట్టలేదుగా."

"తట్టాను."

"లేదండీ."

"తట్టానే!" అని చెయ్యి పైకెత్తి చూసుకున్నారు. ఆయన మాట నిజం. తట్టాననే అనుకున్నారు. చేతికే ఆ సంగతి తెలీలేదు.

నేను తడిసిన మెట్లు తుడిచాను. తరవాత రెండు రోజులు గమనించాను. చొక్కా గుండీ ఎడమచేతికి దొరికేది కాదు. ఒక ఉదయం పొయ్యి మీది గిన్నె దించుతుంటే వేళ్ళు అంచుకి తగిలి పొగ వచ్చినంత పనైంది. ఆయన మాత్రం పేపరు వార్తేదో చెబుతూనే ఉన్నారు. నేను అరిస్తే అప్పుడు చూసుకున్నారు. సాయంత్రానికి బొబ్బలు లేచాయి.

"డాక్టరు దగ్గరికి వెళదాం పదండి."

"షూటింగు అయ్యాక."

"ఆ చేత్తో అతన్ని ఆ గోడ దాకా తీసుకెళతారా?"

"ఇప్పుడు ఇంకో చెయ్యి వేస్తే వాడు నమ్మడే. నమ్మకపోతే తొట్రుపడతాడు. తొట్రుపడితే అక్కడ పిట్టగోడ మోకాలెత్తే," అన్నారు. "తిమ్మిరి వస్తుంది, పోతుంది. ఎప్పుడూ ఉండదు. వాడికి చెప్పనని నా మీద ఒట్టెయ్యి."

"కుడిచేత్తో తట్టండి, ఎడమచేత్తో పట్టీ పట్టుకోండి."

"రెండు పనులూ చెడతాయి." బొబ్బల చేతిని నా చేతిలో పెట్టి, "డైరెక్టరు నా పేరు వేస్తానన్నాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి," అన్నారు.

నేను ఆయన మీద ఒట్టేశాను.

మొదటి రోజు షాటు నలభై నిమిషాలకే తెగింది. హీరోయిన్ తలుపు లాగితే పిడి ఊడి ఆ అమ్మాయి చేతిలోకి వచ్చిందట. పొద్దుటినుంచి బిగబట్టుకుని ఉన్నదాన్ని ఆ మాట విని పకపకా నవ్వాను. రెండో రోజు మూడో అంతస్తు దాకా వెళ్ళారు. గంటా పది నిమిషాలు. అక్కడ ముసలి నటుడు పాత్ర పేరు బదులు సొంత కూతురి పేరు పెట్టి పిలిచాడు. అంతా పోయింది.

ఆ రెండో రోజు కెమెరామన్ ఆయనతో పాటు ఇంటికి వచ్చాడు. ఆయన స్నానానికి వెళ్ళగానే గొంతు తగ్గించి, "అక్కా, బావ ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు.

"ఏం?"

"రెండు మెట్ల దగ్గర తట్టు రాలేదు. నాకు లెక్క గుర్తుంది కాబట్టి సరిపోయింది. నేనే గమనించలేదేమోలే. ఈ నడుము నొప్పిలో వీపు ఏది చెబితే అది వినే స్థితిలో లేను."

మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. స్నానాల గదిలో చెంబు చప్పుడు ఆగింది. ఒట్టు గుర్తొచ్చింది. అతను వెళుతుంటే మెట్ల మలుపు దాకా వెంట వెళ్ళాను.

"తమ్ముడూ, ఒక మాట. ఎప్పుడైనా ఆయన తల నీ వీపుకి ఆనితే అక్కడే ఆగిపో. తల తీసేదాకా అడుగు కదపకు."

"అదేం గుర్తక్కా? మా పట్టికలో లేదే."

"మా ఇంట్లో గుర్తు."

"మొగుడూ పెళ్ళాల గుర్తులు నాకెందుకు చెబుతావు తల్లీ!" అని నవ్వాడు.

"నవ్వకు. కదలనని నా మీద ఒట్టెయ్యి."

నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. "సరే అక్కా. నీ మీద ఒట్టు. తల తీసేదాకా కదలను," అన్నాడు.

లోపలికి వస్తూ అనుకున్నాను. ఒట్టు తప్పలేదు, అతన్నీ కాపాడాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

మూడో రోజు ఇంట్లో కూర్చోలేకపోయాను. ఆయనకి అన్నం తీసుకెళ్ళే వంకతో వెళ్ళాను. లాడ్జి కింద గల్లాపెట్టె గది వెనక ఒక చిన్న గదిలో టీవీ పెట్టారు. కెమెరా చూస్తున్నదంతా అందులో కనిపిస్తుంది. దాని ముందు డైరెక్టరు. అతను చేతిలోని మైకులో గుసగుసగా ఏదైనా చెబితే కెమెరామన్ చెవిలో వినిపిస్తుంది. తిరిగి చెప్పడానికి అతనికి వీల్లేదు. ఒక మూల శబ్దం పట్టేవాడు, పక్కన గడియారం పట్టుకున్న అమ్మాయి.

"కూర్చోండమ్మా. ఊపిరి కూడా మెల్లగా తీసుకోండి," అన్నాడు డైరెక్టరు. తరవాత అందరితో, "ఎవరు పడినా, ఏది విరిగినా, నేను కట్ అనేదాకా ఎవరూ ఆగొద్దు," అన్నాడు.

మూడున్నరకి మొదలైంది. కథ నాకు సరిగా ఎక్కలేదు. ఒక తండ్రీ కూతురూ ఇల్లు ఖాళీ చేస్తూ పోట్లాడుకుంటున్నారు. నేను చూసింది వాళ్ళ వెనక నేలని, గోడల్ని. ప్రతి గడప దగ్గరా నా వీపు మీద రెండు తట్లు పడ్డట్టే ఉంది. ప్రతి మెట్టుకీ ఒకటి. బొమ్మ ఎక్కడా ఊగలేదు. పాలగ్లాసు పళ్ళెంలో తీసుకెళుతున్నట్టు వెళుతోంది.

మొదటి అంతస్తు దాటింది. రెండోది దాటింది. మూడో అంతస్తులో ముసలాయన ఈసారి పేరు సరిగ్గా పిలిచాడు. గడియారం అమ్మాయి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది.

డాబా మెట్ల దగ్గర బొమ్మ ఒక్కసారి ఉలిక్కిపడింది. రెప్పపాటే. డైరెక్టరు గమనించలేదు. నాకు తెలిసింది, అక్కడ తట్టు పడలేదు.

డాబా మీదికి వచ్చారు. అక్కడ నాలుగు వైపులా కనిపిస్తుంది కాబట్టి ఇంకెవరూ ఉండకూడదు. ఇద్దరు నటులు, కెమెరామన్, అతని వెనక ఆయన, అంతే. ఎండ ఎర్రగా నేల మీద పడి ఉంది. తండ్రీ కూతురూ నడిచి వస్తున్నారు. కెమెరా వెనక్కి వెళుతోంది. పది అడుగులు. ఎనిమిది. నేను లెక్కపెడుతున్నాను. ఆరు. నాలుగు.

బొమ్మ ఆగిపోయింది. రెండు దగ్గర ఆగాలి, నాలుగు దగ్గర ఆగింది.

తండ్రీ కూతురూ మాట ముగించి వెనక్కి తిరిగారు. డాబా అవతలి అంచుకి నడుస్తున్నారు. ఇప్పుడు కెమెరా వాళ్ళ వెంట వెళ్ళాలి. వెళ్ళలేదు.

"వెళ్ళు," అన్నాడు డైరెక్టరు మైకులో. "వెళ్ళు, వాళ్ళ వెంట వెళ్ళు. ఏమైంది నీకు, కదులు!"

బొమ్మ కదల్లేదు. మనుషులు చిన్నవాళ్ళయిపోతున్నారు. ఎందుకు ఆగిందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

లేచి నిలబడ్డాను. గడియారం అమ్మాయి ఉష్ అని నా భుజం మీద చెయ్యి వేసింది. అరచెయ్యి పూర్తిగా ఆనింది. నేను ఆగాను.

తల ఆనించారు, అంతే అనుకున్నాను. మా మెట్ల మీద ఆనించినట్టే. అలిసిపోయారు, కుదుటపడగానే తీస్తారు. ఇప్పుడు అరిస్తే అందరి కష్టమూ పోతుంది, ఆయన పేరూ పోతుంది, మళ్ళీ జన్మలో నా మొహం చూడరు. కూర్చున్నాను.

డైరెక్టరు మైకు దించి టీవీ దగ్గరికి వంగాడు. "ఉండు ఉండు," అని తనలో తనే అనుకున్నాడు. "ఇదే బాగుంది. అలాగే ఉండు. కదలకు."

అటు చివర ఆ ఇద్దరూ అగ్గిపుల్లలంత కనిపిస్తున్నారు. మాటలు మాత్రం చెవి పక్కనే వినిపిస్తున్నాయి. ఒకసారి బొమ్మ కొంచెం వణికింది. తరవాత ఇంకొంచెం కిందికి వంగి, సర్దుకుంది. ఆయన తల అతని వీపు మీదినుంచి జారుతోందని అప్పుడు నాకు తెలీదు. తెలీదనే చెబుతూ వచ్చాను. అమ్మాయి వేళ్ళతో నిమిషాలు చూపిస్తోంది. మూడు. ఐదు. తొమ్మిది.

"కట్," అన్నాడు డైరెక్టరు.

భవనమంతా ఒక్కసారి అరుపులు, ఈలలు. ఎవరో ఎవరినో ఎత్తుకున్నారు. నేను ఆ సంబరాన్ని తోసుకుంటూ నాలుగంతస్తులూ ఎక్కాను.

కెమెరామన్ ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. కెమెరా ఒంటి మీదే ఉంది. కాళ్ళు గడగడా వణుకుతున్నాయి. "బావా, అయిపోయింది. తల తియ్యి. ఇక తియ్యి బావా," అంటున్నాడు. వెనక్కి తిరగలేదు. ఒట్టు కదా. ఆయన తల అతని పిక్కలకి ఆని ఉంది. కుడిచెయ్యి పట్టీని ఇంకా వదల్లేదు. ఎడమచెయ్యి నేల మీద వెల్లకిలా పడి ఉంది, ఎండిన బొబ్బలు పైకి కనిపిస్తూ.

ముసలి నటుడు తరవాత ఏడ్చాడు. దూరంనుంచి చూశాడట. పని అయిపోయి కూర్చున్నాడేమో అనుకున్నాడట.

మెదడులో నరానికి రక్తం అందలేదన్నారు ఆసుపత్రిలో. నాలుగు రోజులే బతికారు, మాట లేకుండా. "ముందే చెయ్యి తిమ్మిరెక్కడం లాంటిదేమైనా ఉందామ్మా?" అని డాక్టరు అడిగాడు. పడిపోయాక ఎంతసేపటికి తెచ్చారని కూడా అడిగాడు. కెమెరామన్ నా పక్కనే ఉన్నాడు. రెండింటికీ నేను తెలీదన్నాను.

సినిమా విడుదలైంది. వదిన పట్టుబట్టి నన్ను తీసుకెళ్ళింది. చివర బొమ్మ ఆగిపోయి, మనుషులు దూరమైపోతుంటే హాలంతా నిశ్శబ్దమైపోయింది. తరవాత చప్పట్లు. మా ముందు వరసలో ఒకాయన భార్యతో, "ఆ ఆపడం ఉంది చూశావా, అదీ దర్శకత్వమంటే," అన్నాడు.

"వాడేడే? ఎక్కడా కనిపించలేదేం?" అంది వదిన.

"వెనకున్నారు వదినా."

పేర్లు వచ్చాయి. ఆవిడ కళ్ళజోడు వెతుక్కునేలోపు ఆయన పేరు పైకి వెళ్ళిపోయింది.

కెమెరామన్ ఆ తరవాత కెమెరా ఒంటికి కట్టలేదు. పెళ్ళిళ్ళ ఫోటోలు తీస్తున్నాడని విన్నాను. నెలకొకసారి వచ్చి, ఇంట్లో పాడైన బల్బో కుళాయో బాగుచేసి పోయేవాడు. ఆ విషయం ఎత్తేవాడు కాదు. మొన్న ఒక ఉదయం వచ్చినప్పుడు ఎత్తాడు. చిక్కిపోయాడు. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"నిద్ర పట్టట్లేదక్కా. తల జారడం నాకు తెలిసింది. నడుము దాకా, తరవాత తొడల దాకా. ఒట్టేశానని ఆగాను. తిరిగి చూసుంటే బావ బతికేవాడు. నేనే చంపాను."

వాళ్ళావిడ ఫోను చేసి ఏడ్చిన సంగతి నాకు తెలుసు. అతను ఏ డాబా కనిపించినా ఎక్కి అంచు దగ్గర నిలబడుతున్నాడట. ఇంకా ఎన్నాళ్ళు నోరు మూసుకుంటే ఇంకో మనిషి పోతాడో నాకు తెలీలేదు.

"నువ్వు కాదు తమ్ముడూ," అన్నాను. "ఆయన చెయ్యి చచ్చుబడుతోందని నాకు ముందే తెలుసు. తొమ్మిది రోజుల ముందే."

గ్లాసు కింద పెట్టాడు.

"తెలిసి చెప్పలేదా?"

"ఒట్టు వేయించుకున్నారు."

"నేను పడిపోయేవాణ్ణి."

"తెలుసు. అందుకే తల గుర్తు చెప్పాను."

వంటగదిలో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది, అతను బాగుచెయ్యడానికి వచ్చిన కుళాయే.

"టీవీ ముందు నువ్వే కూర్చున్నావుగా ఆ రోజు," అన్నాడు మెల్లగా. "బొమ్మ ఆగినప్పుడు నీకు తెలిసిందా?"

ఆ ప్రశ్న కోసమే రెండేళ్ళుగా భయపడుతున్నాను.

"తెలిసింది. లేచాను. మళ్ళీ కూర్చున్నాను."

"తొమ్మిది నిమిషాలు."

"తొమ్మిది నిమిషాలు."

లేచాడు. సంచి తీసుకుని చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి నా వైపు చూశాడు. అతని మొహంలో అన్నాళ్ళుగా ఉన్న బరువు లేదు. ఆ చోట ఇంకేదో ఉంది, దాన్ని నేను సూటిగా చూడలేకపోయాను.

"వస్తాను," అన్నాడు. అక్కా అనలేదు.

మెట్లు దిగుతున్న చప్పుడు విన్నాను. తొమ్మిదో మెట్టు దగ్గర చప్పుడు ఆగింది. చూసి దిగు అని చెప్పాలి, అంచు విరిగింది కదా. నోరు రాలేదు. కాసేపటికి మళ్ళీ అడుగులు వినిపించాయి, కింద గేటు పడింది. కుళాయి ఇంకా కారుతూనే ఉంది.